మోకాలికి పీఆర్‌పీ సూది: పదిమంది అనుభవాలు విని, మన మోకాలికి తగిన నిర్ణయం తీసుకోవడం ఎలా?

మోకాళ్ల నొప్పితో తిరిగేవారికి సలహాలకు కొదవ ఉండదు. నెల్లూరు పొగతోటలోనో ఒంగోలులోనో ఎముకల డాక్టరు దగ్గర టోకెను తీసుకుని బెంచీ మీద కూర్చుంటే చాలు, పక్కనున్నవారు తమ కథ మొదలుపెడతారు. "మా వదినకు తన రక్తమే తీసి మోకాలికి ఎక్కించారు. మొన్న పెంచలకోన వెళ్లి వచ్చింది" అంటారు ఒకరు. "మా పెదనాన్నకూ అదే వేశారమ్మా, డబ్బు పోయింది, నొప్పి పోలేదు" అంటారు ఇంకొకరు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

అలాంటి మాటలు విని ఎటూ తేల్చుకోలేకపోతున్నవారి కోసమే ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. పీఆర్‌పీ (మన రక్తంలోంచే ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని తీసి మోకాలికి ఎక్కించే సూది) మోసం కాదు, మహిమ అంతకన్నా కాదు. కొన్ని మోకాళ్లకు అది కొన్ని నెలల ఊరటనిస్తుంది. ఆ కొన్నింటిలో మీ మోకాలు ఉందో లేదో తేల్చే పనిలో సగం డాక్టరుది, సగం మీది. మీ సగం ఎలా చేయాలో వరుసగా చూద్దాం.

1. ముందు నొప్పికి పేరు పెట్టించండి

"గుజ్జు (ఎముకల చివర ఉండే మెత్తని పొర) అరిగింది" అనే మాటను మన దగ్గర ప్రతి మోకాలి నొప్పికీ తగిలించేస్తున్నారు. ఆ మాట విని నేరుగా సూది దాకా వెళ్లకండి. ముందు రెండు మోకాళ్లకూ నిలబెట్టి ఎక్స్‌రే తీయించండి. పడుకోబెట్టి తీస్తే కీలు మీద శరీర బరువు పడదు కాబట్టి ఎముకల మధ్య సందు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. చీటీ మీద "నిలబెట్టి" అని డాక్టరు రాయకపోతే మీరే అడిగి రాయించుకోండి. ఎమ్మారై అవసరం చాలామందికి ఉండదు. అది ఎప్పుడు కావాలో డాక్టరే చెబుతారు.

ఎక్స్‌రే చూశాక "ఎన్నో గ్రేడు?" అని అడగండి. 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు డాక్టర్లు పెట్టిన లెక్కనే నేటికీ వాడుతున్నారు. 1 అంటే అనుమానం, 2 అంటే తేలికపాటి అరుగుదల, 3 అంటే సందు బాగా తగ్గడం, 4 అంటే ఎముకకు ఎముక తగలడం. పీఆర్‌పీ గురించి వచ్చిన మంచి ఫలితాల్లో ఎక్కువ భాగం 1, 2, 3 గ్రేడులవారివి. 4వ గ్రేడు మోకాలికి సూదితో గుజ్జు తెప్పిస్తామని ఎవరైనా అంటే ఆ గది నుంచి బయటికి రావడమే మంచిది.

అరుగుదల కాని నొప్పులు కూడా ఉన్నాయి. పొద్దున లేవగానే కీళ్లు అరగంటకు పైగా బిగుసుకుపోయి, చేతివేళ్ల కణుపులూ వాచి ఉంటే అది కీళ్లవాతం కావచ్చు. దానికి మందులు వేరు, చూసే డాక్టరూ వేరు. చికున్‌గున్యా జ్వరం వచ్చి తగ్గాక నెలల తరబడి కీళ్లు పీకడం మన జిల్లాలకు కొత్త కాదు. తుంటి కీలు చెడినా నొప్పి మోకాలిలో తెలియవచ్చు. ఒక్క మోకాలే వాచి, సాయంత్రాలు జ్వరం తగులుతూ, బరువు తగ్గుతుంటే క్షయ సంగతి కూడా చూడాలి.

మన ప్రాంతంవారు ప్రత్యేకంగా పట్టించుకోవాల్సింది ఫ్లోరైడ్. భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదట గుర్తించి 1937లో ప్రకటించింది నాటి నెల్లూరు జిల్లా పల్లెల గురించే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడే దాకా పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు జిల్లాలోనివే. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీరు దొరకనిచోట గరిష్ఠంగా 1.5 దాకా ఒప్పుకోవచ్చని మన దేశ ప్రమాణం. ఆ హద్దు దాటిన బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగినవారికి నడుము, మెడ, మోకాళ్లు కలిసి బిగుసుకుపోతాయి. కొందరికి చిన్నప్పుడే మోకాళ్లు లోపలికి వంగిపోతాయి. మీది ఆ వైపు ఊరైతే, పళ్ల మీద పసుపు, గోధుమరంగు చారలు ఉంటే, నడుము వంచి కాలి బొటనవేలు అందుకోలేకపోతుంటే ఆ మాట డాక్టరుకు మీరే చెప్పండి. పట్నం డాక్టరుకు మీ ఊరి బోరు సంగతి తెలియదు. నడుము, ముంజేతి ఎక్స్‌రేలు తీస్తే ఎముక గట్టిపడటం, కండరాల అతుకుల దగ్గర సున్నం పేరుకోవడం కనిపిస్తాయి. నీళ్లు మార్చకుండా మోకాలికి సూది వేయించుకుంటే ఖర్చు తప్ప మిగిలేది ఉండదు.

2. ఏ సూదో కాగితం మీద రాయించుకోండి

"మోకాలికి ఇంజెక్షన్" అనే ఒక్క మాట కింద కనీసం అయిదు రకాలు తిరుగుతున్నాయి. ఒకరి అనుభవం ఇంకొకరికి పనికిరాకపోవడానికి పెద్ద కారణం ఇదే. వదిన వేయించుకున్నది ఒకటి, పెదనాన్నది మరొకటి అయి ఉండవచ్చు.

స్టెరాయిడ్: అన్నిటికంటే చవక, అన్నిటికంటే త్వరగా పనిచేసేది. రెండు మూడు రోజుల్లో హాయిగా ఉంటుంది, కొన్ని వారాలకు దాని బలం తగ్గిపోతుంది. షుగరు ఉన్నవారికి కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది. మూడు నెలలకోసారి చొప్పున రెండేళ్లు ఇచ్చి చూస్తే ఉత్త సెలైన్ (మందు లేని ఉప్పునీరు) ఇచ్చినవారికంటే గుజ్జు ఎక్కువ తరిగిందని, నొప్పిలో మాత్రం తేడా లేదని 2017లో ఒక అమెరికా అధ్యయనం చూపింది. పల్లెల్లో "ఒక్క సూదితో లేచి నడిచాడు" అనే కథల్లో చాలా వాటి వెనుక ఉన్నది ఇదే. ఏ మందో చెప్పకుండా సూది వేసేవారి దగ్గర మోకాలు చాచకండి.

జెల్: హైలురోనిక్ ఆమ్లం. కీలులో సహజంగా ఉండే జిగురు ద్రవాన్ని పోలిన మందు. గుజ్జు ఇంజెక్షన్ అని మన దగ్గర పిలిచేది ఎక్కువగా దీన్నే. గుజ్జుకూ దీనికీ సంబంధం లేదు, ఇది కందెన మాత్రమే. అందరికీ మామూలుగా ఇవ్వవద్దని అమెరికా ఎముకల వైద్యుల సంఘం 2021లో చెప్పింది.

డెక్స్‌ట్రోజ్: గాఢమైన చక్కెర ద్రావణాన్ని కీలులోనూ చుట్టూ ఉన్న స్నాయువుల్లోనూ కొన్ని వారాల తేడాతో పొడిచే పద్ధతి, పేరు ప్రోలోథెరపీ. చిన్న అధ్యయనాల్లో కొంత మేలు కనిపించింది. మన వైపు చేసేవారు తక్కువ.

పీఆర్‌పీ: మీ రక్తమే తీసి, గిర్రున తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని వేరుచేసి మోకాలిలోకి ఎక్కించడం. గాయమైనచోట మాన్పడానికి శరీరం పంపే రసాయనాలు ప్లేట్‌లెట్లలో ఉంటాయి. కీలులోని వాపు, మంట వాటితో తగ్గుతాయన్నది ఆలోచన.

స్టెమ్ సెల్స్: ఎముక మజ్జ నుంచో పొట్ట కొవ్వు నుంచో తీసి ఎక్కిస్తామంటారు. ఖర్చు లక్షల్లోకి వెళుతుంది. ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోండి. 2023లో అమెరికాలో సుమారు 480 మందిపై జరిగిన పరీక్షలో మజ్జ, కొవ్వు, బొడ్డుతాడు కణాలు మూడూ ఏడాది తర్వాత చవకైన స్టెరాయిడ్ సూదిని మించలేకపోయాయి. రెండోది, మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ వ్యాధులకు తప్ప స్టెమ్ సెల్ చికిత్సను అనుమతి పొందిన పరీక్షల్లో భాగంగానే ఇవ్వాలి, అలాంటప్పుడు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఆ తర్వాత 2022లో ఒక స్టెమ్ సెల్ మందుకు మోకాలి అరుగుదల కోసం అనుమతి వచ్చింది. అంటే "మా దగ్గర స్టెమ్ సెల్ ఉంది" అన్నవారిని అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇది అనుమతి ఉన్న మందా, లేక మీరు ఇక్కడే తయారుచేసేదా? రెండో జవాబు వస్తే సంచి సర్దుకోండి.

ఇక పీఆర్‌పీ మాటే చూద్దాం. చండీగఢ్‌లోని పీజీఐ వైద్య సంస్థ డాక్టర్లు 2013లో రెండు మోకాళ్లూ నొప్పిగా ఉన్న 78 మందిని మూడు జట్లుగా చేసి ఒకరికి ఒక పీఆర్‌పీ, ఒకరికి రెండు, ఒకరికి సెలైన్ ఇచ్చి చూశారు. పీఆర్‌పీ జట్లు రెండూ సెలైన్ జట్టు కంటే స్పష్టంగా మెరుగయ్యాయి. ఒక సూదికీ రెండు సూదులకూ తేడా కనిపించలేదు. ఆరు నెలలు వచ్చేసరికి మేలు తరగడం మొదలైంది. 2021లో ఆస్ట్రేలియాలో 288 మందితో ఇంకా పెద్ద పరీక్ష జరిగింది. వారానికొకటి చొప్పున మూడు సూదులు. ఎవరికి ఏది ఇచ్చారో రోగికి తెలియనివ్వలేదు. ఏడాది తర్వాత పదికి పీఆర్‌పీవారి నొప్పి 2.1 తగ్గింది, సెలైన్‌వారిది 1.8 తగ్గింది. ఎమ్మారైలో గుజ్జు పరిమాణంలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ పరీక్షలో ప్లేట్‌లెట్ల మోతాదు చాలలేదని పీఆర్‌పీ ఇచ్చే డాక్టర్లు వాదిస్తారు. వాదనలో పస లేకపోలేదు. కానీ అదే సంగతి మీకు వేసే సూదికీ వర్తిస్తుంది కదా! అందుకే మోతాదు ప్రశ్న కింద మళ్లీ వస్తుంది.

ఉత్త సెలైన్ ఎక్కించినవారికీ నొప్పి అంత తగ్గిందన్న అంకె దగ్గర కాసేపు ఆగండి. పక్కవారి అనుభవాన్ని ఎలా వినాలో అది నేర్పుతుంది.

3. అనుభవం చెప్పేవారిని నాలుగు ప్రశ్నలు అడగండి

ఎవరైనా "నాకు తగ్గింది" అన్నా, "నాకు తగ్గలేదు" అన్నా కొట్టిపారేయకండి. ఈ నాలుగూ అడిగి చూడండి.

"అక్కా, నీకు ఎన్నో గ్రేడు అన్నారు?" తెలియదంటే ఆ అనుభవం మీకు సగమే పనికొస్తుంది. రెండో గ్రేడువారి సంతోషం చూసి నాలుగో గ్రేడువారు ఆశపడితే నష్టం. నాలుగో గ్రేడువారి నిరాశ విని రెండో గ్రేడువారు వెనక్కి తగ్గినా నష్టమే.

"వేయించుకుని ఎన్నాళ్లయింది?" పదిహేను రోజుల కిందట వేయించుకున్నవారి మాటను పక్కన పెట్టండి, మెచ్చుకున్నా తిట్టినా సరే. మొదటి వారం వాపు ఉంటుంది, మేలు తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆరు నెలలు, ఏడాది దాటినవారి మాటకు విలువ ఎక్కువ.

"అప్పుడే ఇంకేమి మార్చావు?" సమాధానం చెప్పేవారికే తట్టని విషయాలు ఇక్కడ బయటపడతాయి. సూదితోపాటు ఫిజియోథెరపీ మొదలుపెట్టి ఉంటారు. కోడలు వచ్చాక నేల మీద కూర్చుని కూరలు తరగడం మానేసి ఉంటారు. పాశ్చాత్య మరుగుదొడ్డి కట్టించి ఉంటారు. అయిదారు కిలోలు తగ్గి ఉంటారు. మోకాలు చాలావరకు వీటి వల్లే తేరుకుని ఉండవచ్చు, పేరు మాత్రం సూదికి వచ్చింది.

"ఏ నెలలో వేయించుకున్నావు?" ఈ ప్రశ్న వింతగా అనిపించవచ్చు. పెన్నా ఆయకట్టులో నాట్లు వేసే ఆడవాళ్లను చూడండి. బురదలో వంగి వెనక్కి నడుస్తూ పొద్దుగూకే దాకా పని. నాట్ల రోజుల్లో మోకాళ్లు భగ్గుమంటాయి. ఆ పని ముగియగానే డాక్టరు దగ్గరికి వెళ్తారు, సూది పడుతుంది, నెల తిరిగేసరికి నొప్పి తగ్గుతుంది. నాట్లు లేని నెలలో ఎలాగూ తగ్గేదే. కందుకూరు వైపు పొగాకు గ్రేడింగుకు కూర్చునేవారిదీ ఇదే వరస. నొప్పి తారస్థాయిలో ఉన్నప్పుడే మనం వైద్యానికి పరుగెత్తుతాం. తారస్థాయి తర్వాత వచ్చేది తగ్గుముఖమే. పుత్తూరు కట్టుకైనా, పసరు పట్టుకైనా, పీఆర్‌పీకైనా ఈ లాభం సమానంగా దక్కుతుంది.

ఇంత విన్నాక కూడా గ్రేడు, వయసు, పని మీలాంటివే అయినవారు ఆరు నెలల తర్వాత "బాగుంది" అంటుంటే, అది గట్టి మాటే. డాక్టరుకు చెప్పండి.

4. మూడు నెలలు మీ వంతు చేసి చూడండి

ఇది చాలామంది దాటేసే మెట్టు. సూదికి ఒక పూట చాలు, వ్యాయామానికి రోజూ కూర్చోవాలి. అందుకే ఎవరికీ ఇష్టం ఉండదు. అయినా మోకాలి అరుగుదలకు అన్ని వైద్య సంఘాలూ ఒక్క గొంతుతో చెప్పేది వ్యాయామం, బరువు తగ్గడం గురించే.

మంచం మీద కాళ్లు చాచి కూర్చోండి. తువ్వాలు చుట్టగా చుట్టి నొప్పి మోకాలి కింద పెట్టండి. మోకాలి వెనుక భాగంతో ఆ చుట్టను కిందికి నొక్కండి. తొడ మీద చెయ్యి వేసి చూస్తే కండరం రాయిలా బిగియడం తెలుస్తుంది. తెలియకపోతే మీరు కాలితో కాదు, నడుముతో నొక్కుతున్నట్టు. అయిదు అంకెలు లెక్కపెట్టి వదలండి. ఇలా పది, పూటకోసారి, రోజుకు మూడు పూటలు. రెండు వారాలకు ఇది తేలికైపోతే కాలు చాచి, మోకాలు వంచకుండా జానెడు ఎత్తు లేపి దించండి. ఆ తర్వాత కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం. ప్రభుత్వాసుపత్రిలో ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి చూపించుకుంటే తప్పులు దిద్దుతారు.

బరువు లెక్క గుర్తుంచుకోండి. ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. చేతికర్ర పట్టుకోవడం నామోషీ అనుకోకండి. కర్రను నొప్పి ఉన్న కాలి వైపు పట్టుకోవడం చాలామంది చేసే పొరపాటు. కుడి మోకాలు నొప్పైతే కర్ర ఎడమ చేతిలో ఉండాలి.

ఈ మూడు నెలలూ ఒక లెక్క రాయండి. పాల ప్యాకెట్ల లెక్క వేసే గోడ క్యాలెండరు చాలు. ప్రతి ఆదివారం గడిలో మూడు అంకెలు: నొప్పి పదికి ఎంత, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి వరుసగా ఎన్నిసార్లు లేచారు, ఆ వారం ఎన్ని నొప్పి మాత్రలు మింగారు. తర్వాత సూది వేయించుకున్నా సరే, పనిచేసిందో లేదో చెప్పే సాక్ష్యం ఈ అంకెలే. ఇవి లేకపోతే ఖర్చుపెట్టిన డబ్బే "తగ్గినట్టే ఉంది" అని మన చేత అనిపిస్తుంది.

5. డాక్టరును అడగాల్సినవి

మొహమాటం వద్దు. అడిగితే విసుక్కునే డాక్టరు సూది వేశాక వాపు వస్తే ఫోను ఎత్తుతారా?

రక్తం ఎంత తీస్తారు, చివరికి ఎన్ని మిల్లీలీటర్లు ఎక్కిస్తారు, అందులో ప్లేట్‌లెట్లు రక్తంలో ఉన్నదానికి ఎన్ని రెట్లు అని అడగండి. పరీక్షనాళిక ఒకసారి తిప్పారా, రెండుసార్లు తిప్పారా అన్నదాన్ని బట్టి కూడా సరుకు మారుతుంది. లెక్కపెట్టి చెప్పేవారు మంచివారు. "అవన్నీ మీకెందుకమ్మా" అన్నవారి దగ్గర తొందరపడకండి. తెల్లకణాలు తక్కువగా ఉండేలా చేస్తారా అన్నది కూడా అడగదగ్గ ప్రశ్నే. తెల్లకణాలు ఎక్కువుంటే వేశాక మంట, వాపు ఎక్కువ అంటారు.

అల్ట్రాసౌండ్ చూస్తూ వేస్తారా, ఆపరేషన్ గదిలోనా మామూలు గదిలోనా, సూది పొడిచేది డాక్టరేనా అన్నవి తరువాతి ప్రశ్నలు. మొత్తం ఖర్చు ఎంత, అందులో ఎన్ని సూదులు అన్నది కాగితం మీద రాయించుకోండి. ముందే మూడు సూదుల ప్యాకేజీకి డబ్బు కట్టమంటే ఒప్పుకోకండి. ఒకటి వేయించుకుని, చూసి, అప్పుడు రెండోదాని మాట. ఆసుపత్రిలో చేరకుండా చేసే పని కాబట్టి ఆరోగ్య బీమా వర్తించకపోవడమే ఎక్కువ. పాలసీ ఉంటే ముందే కనుక్కోండి.

"గుజ్జు తిరిగి పెరుగుతుందా?" అని కూడా అడగండి. జవాబు తెలియక కాదు, డాక్టరు ఏమంటారో వినడానికి. నొప్పి తగ్గవచ్చు, గుజ్జు పెరుగుతుందని హామీ ఇవ్వలేను అనేవారి చేతిలో మోకాలు పెట్టవచ్చు.

6. ముందు వారం

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు సాధారణంగా వారం ముందే ఆపమంటారు. అవి ప్లేట్‌లెట్ల పనికి అడ్డుపడతాయి. నొప్పి ఆగకపోతే పారాసెటమాల్ వాడుకోవచ్చు. కానీ గుండె కోసం ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వాడేవారు వాటిని సొంతంగా ఆపకూడదు. గుండె డాక్టరు ఒప్పుకుంటేనే ఆపాలి. ఒప్పుకోకపోతే పీఆర్‌పీ మానుకోవాలి. మోకాలి కోసం గుండెను పణం పెట్టడం ఏ లెక్కన చూసినా దండగే.

ప్లేట్‌లెట్ల సంఖ్యతో సహా రక్తపరీక్ష, షుగరు పరీక్ష చేయించుకోండి. మామూలుగా ప్లేట్‌లెట్లు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. వానాకాలం చివర డెంగీ వచ్చి తగ్గినవారు సంఖ్య పూర్తిగా కోలుకునే దాకా ఆగాలి. మోకాలి మీద పుండు, సెగగడ్డ, గజ్జి ఉన్నా, ఎక్కడైనా చీము ఉన్నా వాయిదా వేయండి. రక్త క్యాన్సరు వంటి జబ్బులున్నవారికి ఇది పనికిరాదు.

రోజు ఎంచుకోవడంలో తెలివి చూపండి. నాట్లు, కోతలు, ఇంట్లో పెళ్లి, తిరుమల మొక్కు పక్కన పెట్టుకుని వేయించుకోకండి. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి. సూది వేయించుకున్న ఉత్సాహంతో మొక్కు తీర్చుకుందామని బయల్దేరేవారికి ఆ స్వామి కూడా ఆగమనే చెబుతాడు.

7. ఆ రోజు

ఉపవాసం అక్కర్లేదు. ఇడ్లీ తిని, నీళ్లు బాగా తాగి వెళ్లండి. నీళ్లు తాగినవారికి నరం త్వరగా దొరుకుతుంది. పంచె, లుంగీ, వదులైన చీర లేదా నైటీ మేలు. తోడు ఒకరుండాలి. తిరిగి వచ్చేటప్పుడు మోటారు సైకిలు మీరు నడపకూడదు.

చేతి నరం నుంచి పెద్ద సిరంజితో రక్తం తీస్తారు. సుమారు 20 నుంచి 60 మిల్లీలీటర్లు. రక్తం గడ్డకట్టకుండా మందు కలిపిన గొట్టాల్లో పోసి సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి తిప్పుతారు. ఆగాక గొట్టం బయటికి తీస్తే అడుగున ఎర్రగా, పైన లేత గడ్డిరంగులో తేటగా, రెండింటి మధ్య సన్నని తెల్లటి పొర కనిపిస్తాయి. ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండేది ఆ పొర దగ్గరే. మీ పేరు గొట్టం మీద రాశారో లేదో ఇప్పుడే చూడండి. ఒకే రోజు నలుగురికి చేసే చోట ఇది చిన్న విషయం కాదు. సిరంజి, సూది, గొట్టాలు మీ ఎదుటే కొత్త ప్యాకెట్ల నుంచి తీయాలి.

మోకాలిలో నీరు పట్టి ఉంటే ముందు దాన్ని లాగేస్తారు. చర్మాన్ని మందుతో తుడిచి, చిప్ప పక్కనుంచి సూది పోనిస్తారు. పొడిచినప్పటి నొప్పి కంటే ద్రవం లోపలికి వెళుతున్నప్పుడు కీలు నిండి బిగిసినట్టు ఉండే అసౌకర్యమే ఎక్కువ. అది కొన్ని నిమిషాలే. మొత్తం పని గంటలో ముగుస్తుంది. అరగంట కూర్చోబెట్టి పంపుతారు. పొదిలి నుంచో ఉదయగిరి నుంచో వచ్చినవారు అదే పూట కిక్కిరిసిన బస్సులో నిలబడి వెళ్లకుండా సీటు దొరికే బస్సు చూసుకోండి.

8. తర్వాతి వారాలు

మొదటి రెండు మూడు రోజులు నొప్పి పెరగవచ్చు, మోకాలు కొంచెం వాయవచ్చు. భయపడి అంతకుముందు ఆపిన నొప్పి మాత్రలు మళ్లీ మింగకండి. పారాసెటమాల్, గుడ్డలో చుట్టిన మంచుముక్కలు చాలు. నొప్పి మాత్రలకు ఎన్ని వారాల దాకా దూరంగా ఉండాలో డాక్టరును అడిగి రాయించుకోండి. నూనె మర్దన, వేడి కాపడం, పసరు కట్లు ఈ రోజుల్లో వద్దు. సూది పడిన చోట చర్మానికి చిన్న రంధ్రం ఉంటుంది.

జ్వరం, చలి, మోకాలు ఎర్రగా నిప్పులా కాలడం, కాలు కదపలేనంత నొప్పి, ఇవి వస్తే మాత్రం తెల్లవారే దాకా ఆగకండి. కీలులో చీము పట్టడం అరుదు, కానీ పట్టిందంటే రోజుల్లో కీలును తినేస్తుంది. ఊరి దగ్గర సూది వేయించుకుని సరిపెట్టకుండా ఆ రాత్రే ఎముకల డాక్టరున్న ఆసుపత్రికి వెళ్లండి. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో అత్యవసర విభాగం రాత్రంతా ఉంటుంది. పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా అంతే.

వారం తర్వాత తువ్వాలు వ్యాయామం మళ్లీ మొదలుపెట్టండి. బరువులు మోయడం, గొంతుక్కూర్చోవడం కొన్ని వారాలు మానండి. క్యాలెండరు మీద ఆదివారం అంకెలు మాత్రం ఆపకండి. నాలుగో వారంలో తేడా లేదని దిగులు పడవద్దు. మూడో నెల చివర పాత అంకెలతో పోల్చండి. నొప్పి పదికి రెండు పాయింట్లయినా తగ్గి, మాత్రలు తగ్గి, కుర్చీలోంచి లేవడం పెరిగితే పనిచేసినట్టు. ఆ మేలు ఆరు నెలలు ఉండవచ్చు, ఏడాది ఉండవచ్చు.

9. పనిచేయకపోతే

మూడో నెలకు అంకెలు కదలకపోతే రెండో సూదికి అదే ఆశతో డబ్బు కట్టకండి. "మీకు ఒకటి చాలలేదు" అనే మాటకు ఆధారం అడగండి. గ్రేడు సరిగా చూశారా, నొప్పి నిజంగా మోకాలిదేనా అని ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోవడం రెండో సూది కంటే చవక.

వయసు తక్కువై, కాలు దొడ్డికాలుగా వంగి, లోపలి వైపే అరిగినవారికి ఎముకను కోసి సరిచేసే ఆపరేషన్ ఉంది. నాలుగో గ్రేడుకు చేరి, రాత్రి నిద్ర పట్టక, ఇంటి గుమ్మం దాటలేని స్థితి వస్తే మోకాలి మార్పిడి గురించి ఆలోచించడంలో తప్పు లేదు. ఆ ఆపరేషన్ అంటే హడలి ఏళ్ల తరబడి సూదుల మీద సూదులు వేయించుకున్నవారు చివరికి రెండు ఖర్చులూ భరిస్తారు. 2017 ఆగస్టులో కేంద్రం కృత్రిమ మోకాలి ధరలకు పరిమితి పెట్టింది. ఆసుపత్రి అంచనా కాగితంలో ఇంప్లాంటు ధర విడిగా చూపమని అడగండి. తిరుపతిలో టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రిలో కీళ్ల మార్పిడి చేస్తారు. మీ దగ్గరి పెద్దాసుపత్రిలో ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటరు ఉంటుంది, మీ కార్డుకు ఏది వర్తిస్తుందో అక్కడ అడగండి.

ఆపరేషన్‌కు ఒప్పుకున్నాక సర్జనుకు ఒక విషయం తప్పక చెప్పండి: ఆ మోకాలికి చివరి సూది ఏది, ఏ తేదీన పడింది. మార్పిడికి ముందు మూడు నెలల లోపు స్టెరాయిడ్ సూది పడి ఉంటే ఇన్ఫెక్షన్ భయం ఎక్కువ, ఆపరేషన్ తేదీ వెనక్కి జరపాల్సి వస్తుంది. క్యాలెండరు కాగితాలు పారేయకుండా ఉంచుకుంటే ఆ తేదీ కోసం వెతుక్కోనక్కర్లేదు.